ఓరుమారు

లాకు దగ్గర మా చిన్నాన్న గెడ్డం ఏలీషా
నీళ్ళు కొలిచే రిజిస్టరులోనే
మాటలు కూడా కొలిచేవాడు.
ముందు పేజీల్లో అడుగులు, అంగుళాలు.
వెనక పేజీల్లో
ఇంజినీరు బంగళా సామాన్ల వేలంలో
ఎవరూ పాడని డిక్షనరీలోంచి
ఏరుకున్న పాత ఇంగ్లీషు.

ఆ పుస్తకంలో ‘బి’ అక్షరం సగం లేదు.
పందికొక్కు తినేసింది.
తిన్నచోట ఏముండేదో
అమలాపురం కాలేజీ లైబ్రరీలో చూసొచ్చి చెప్పాను.
బాండికూట్.
మన పందికొక్కే చిన్నాన్నా,
దొరల నోట్లో పడి అలా అయ్యింది.
నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.
“అయితే దాని పేరు అదే తినేసిందన్నమాట, ఆయ్!”

తన ఉద్యోగం పేరు తనే వెతుక్కున్నాడు.
లస్కరు.
పారశీకంలో దండు అట. గుర్రాలు, గుడారాలు.
తర్వాత ఓడమీద తాళ్ళు లాగే కూలీ.
ఫిరంగి బండి వెనక తోసేవాడు.
ఆఖరికి మా కాలవ గట్టున
ఒక గొడుగు, ఒక టార్చిలైటు,
తలుపులు ఎత్తే ఇనప చక్రం.
ఒక సైన్యం ఎంత దూరం నడిస్తే
ఒక్క మనిషిగా మిగులుతుందో
లెక్క కట్టమన్నాడు నన్ను.
జీతం మాత్రం మొదట్నుంచీ ఒక్కడిదే.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడల్లా
దాని ఇనప రేకు మీద తట్టేవాడు.
“దీని తాత లాటినువాడు, వాడి ఇంటిపేరు వంతెన.
వంతెన కావాలని వీళ్ళంతా అర్జీలు పెడతన్నారు,
నిలబడింది దానిమీదే.”

ఒక్క మాట దగ్గరే నవ్వలేదు.
స్లూయిజు.
తూమే కదా, వెతకడానికేముంది అన్నాను.
వేలు పెట్టి చూపించాడు.
మూలం: బయటే ఆపేసినది.
కాలవకి అటు ఊరు, ఇటు మా పేట.
ఒకప్పుడు కుండ పట్టుకుని
ఎవరైనా నీళ్ళు పోస్తారా అని
మెట్ల పక్కన నిలబడ్డ పిల్లాడి చేతిలో
ఇప్పుడా కాలవ తాళంచెవి.
చాలాసేపు చక్రానికి గ్రీజు రాస్తూ కూర్చున్నాడు.
“దీనికి అర్థం రాసుకోనక్కర్లేదులే” అని
గడి ఖాళీగా వదిలేశాడు.

మే నెల. కాలవలు కట్టేశారు.
బురదలో కొరమీను పిల్లలు, ఒంటి చెప్పు, సైకిలు చైను.
తెల్లారితే రైతులు. నీళ్ళెప్పుడు ఏలీషా?
పైనుంచి ఏ కబురూ లేదు.
సరిగ్గా ఆ రోజుల్లోనే దొరికింది
ఓవర్‌మారో.
ఎల్లుండి అని అర్థం.
ఇంగ్లీషువాళ్ళకీ ఒకప్పుడు ఎల్లుండి ఉండేది,
ఎక్కడో పారేసుకున్నారు.
ఇప్పుడు పాపం నాలుగు మాటలు కూడగట్టి
రేపటి తర్వాతి రోజు అనుకుంటున్నారు.

అంత జాలి పడకు, అన్నాను.
మన పెద్దలు రేపుని ‘ఎల్లి’ అనేవాళ్ళు.
ఎల్లి ఎటో పోయింది, ఎల్లుండి మిగిలింది.
కాసేపు ఆలోచించి
“ఇద్దరియ్యీ కలిపితే
రెండ్రోజుల పని దొరుకుద్ది” అన్నాడు.

మర్నాడు యాళ్ళ గవరయ్య వచ్చి అడిగాడు.
“ఓవర్‌మారో అండి, ఆయ్.”
ఆఫీసు ఆర్డరేమో అనుకుని
తలూపి వెళ్ళాడు గవరయ్య.
ఊరంతా అదే చెప్పాడు.
నీళ్ళు పద్దెనిమిదో రోజున వచ్చాయి.

చిన్నాన్న రిటైరయ్యాడు.
చక్రం పోయి మోటారొచ్చింది.
మాట మాత్రం గట్టు దిగలేదు,
నోళ్ళలో నాని ఓరుమారు అయ్యింది.
దింపు కూలి ఎప్పుడిస్తావురా? ఓరుమారు.
కరెంటాయన వస్తానన్నాడా? ఓరుమారు.
మొన్న అంగన్‌వాడీ అరుగు మీద
ఒక పిల్ల జామకాయ కొరుకుతూ
పక్కదానికి
ఓరుమారు పెడతాలే అంది.

రిజిస్టరు చివర ఒక గీత మిగిలుంటే
నేనే రాశాను:
ఓరుమారు, నామవాచకం, మా లాకు దగ్గర పుట్టింది.
వస్తుందని అందరూ ఒప్పుకుని
ఎవరూ వేళ్ళు మడవని రోజు.

చిన్నాన్న కళ్ళద్దాలు సర్దుకుని చదివి
‘మా లాకు’ కింద
గీత గీశాడు.